మిగిలిపోయిన పోగు

నాకు రాయడం సరిగా రాదు. నాలుగో తరగతితో బడి మానేశాను. ఒత్తులు, దీర్ఘాలు తప్పు పోయి ఉంటాయి, ఏమీ అనుకోవద్దు.

మాది పెనుకొండ. చిన్నప్పటి నుంచి నాకు బట్టలు కుట్టాలని ఆశ. హిందూపురం పోయినప్పుడల్లా ఒక టైలరు అంగడి ముందు నిలబడిపోయేదాన్ని. తొంభైల్లో నాయన పోయినాక అమ్మ నన్ను ధర్మవరంలో చిన్నమ్మ దగ్గర వదిలింది. చిన్నమ్మ అచ్చులు అతికేది. అంటే మగ్గం మీద పాత పడుగు, అదే నిలువు పోగులు, అయిపోతే దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటీ కలిపి, బూడిద రాసుకున్న వేళ్లతో మెలి తిప్పడం. వేల పోగులు. మెడ పట్టేసేది. ఆ పని నాకు ఒక్కరోజు కూడా ఇష్టం కాలేదు.

కుట్టుమిషన్ నేర్చుకుంటానని చిన్నమ్మను అడిగాను.

"మిషన్ యాడుండాది, ఎవరు కొనిస్తారు? నీ వేళ్లు చూసుకో. ఇన్నేండ్లు చేసినా నాకే అట్ల రాలేదు" అంది.

అది నిజమే. నేను అతికింది ఊడదని పేరొచ్చింది. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. మా ఆయన నడుము పడిపోయి మంచం పట్టాక ఇల్లు నా వేళ్ల మీదే నడిచింది.

అట్ల పదేళ్లు నడిచాక నా కళ్లు మసకబారాయి. చెబితే ఎవరూ పిలవరని చెప్పలేదు. తడుముకుంటూ అతికేదాన్ని. ఒకరోజు, నన్ను ఎప్పుడూ పిలిచే మగ్గం ఆయన ఇంట్లో, పని అయిపోయే వేళకు కొత్త పోగు ఒకటి మిగిలింది. ఎక్కడో ఒక పాత పోగును వదిలేశానన్నమాట. ఆయనకు చెప్పి మొదటి నుంచి వెతకాలి. చెప్పలేదు. మిగిలినదాన్ని పక్క పోగుకే కలిపి మెలి తిప్పి, ఇంటికి వచ్చేశాను.

మూడో రోజు పిలిపించాడు. నేసిన జానెడు చీరలో నడిమధ్యన సన్నటి సందు, గీత గీసినట్టు. ఆయనే కూర్చుని ఆ నేసిందంతా విప్పుతున్నాడు. గొంతు పెంచలేదు.

"పోగు తప్పేది ఎవరికైనా ఉండేదేమ్మా. మిగిలిందని ఒక మాట చెప్పింటే ఇద్దరం కూర్చోని వెతికింటిమి. దాపెట్టినావు చూడు."

కళ్లు కనబడడం లేదన్న మాట నోటిదాకా వచ్చింది. అయినా అనలేకపోయాను.

తర్వాత ఆ వీధిలో ఎవరూ పిలవలేదు. పక్క వీధులకూ తెలిసిపోయింది. ఇప్పుడు నాలుగిళ్లలో గిన్నెలు తోముతున్నాను. ఇష్టం లేని పని పోతే సంతోషం రావాలి కదా. రాలేదు. అది తప్ప నాకు బాగా వచ్చిన పని ఇంకొకటి లేదు.

ఇది రాస్తుంటే కూడా అక్షరం గీత మీద ఉందో కిందికి దిగిందో కనబడడం లేదు. తప్పులున్న చోట మీరే సరిచేసుకుని చదవండి, నన్ను మన్నించండి.