బంగారి అడుగు పెట్టని బండలు

రెండేళ్ల కిందట, ఎండలు ముదిరే రోజులు. బేతంచెర్ల దగ్గర ఒక పల్లెలో మద్దిలేటి, రమణమ్మ దంపతుల పందుల ఫారానికి వెళ్లాను. పందులు దేనికి బెదురుతాయి, కొట్టకుండా వాటిని ఎలా నడిపించాలి అన్నది నా పరిశోధన. పెళ్లిళ్లలో ఈ సంగతి చెబితే పక్కనున్నవాళ్లు కుర్చీ కొంచెం జరుపుకుంటారు. నాకు అలవాటైపోయింది.

నేను వెళ్లేసరికి మద్దిలేటి చేతిలో కర్ర ఉంది. ఎదురుగా బంగారి అనే సూడి పంది. ముందుకాలితో నేల గీరుతోంది, అంటే ఆ రోజో మర్నాడో ఈనుతుంది. దాన్ని నడవ దాటించి ఫారోయింగ్ పెన్‌కు చేర్చాలి. తల్లి ఒరిగినా పిల్లలు నలగకుండా గొట్టాలు బిగించిన ఈనే గది అది. బంగారి నడవ మొదట్లోనే నిలబడిపోయింది.

"పోయిన ఈతకు గూడా ఇంతే మేడం," అంది రమణమ్మ. "ఎంత తోలినా రాకపాయె. మంద మధ్యలోనే ఈనింది. అన్నీ తొక్కి ఒక్క పిల్లా దక్కలేదు." చెబుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఈసారీ అట్లే అయితే సంతకు తోలేస్తా. శానా మొండిది," అన్నాడు మద్దిలేటి, కర్ర ఎత్తుతూ.

కర్ర చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. "ముందు అది కింద పెట్టన్నా," అని గట్టిగానే అన్నాను. తర్వాత మోకాళ్ల మీద వంగి, బంగారి తల పక్కన నా తల పెట్టి నడవలోకి చూశాను.

"మేడం గూడా పంది అయిపాయెనే!" రమణమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

నిలబడితే తెలియలేదు గానీ, ఆ ఎత్తు నుంచి చూస్తే అవతలి తలుపులోంచి పడే ఎండ నడవలో పరిచిన నున్నటి బండల మీద నీళ్లలా తళతళలాడుతోంది. అరచేయి పెడితే జర్రున జారింది.

"దీని కంటికి ఇదంతా మడుగులా కనిపిస్తుందన్నా. లోతెంతో తెలియక భయపడుతోంది, పాపం."

మద్దిలేటి మొహం వాడిపోయింది. సగం ఆయుష్షు బండల పాలిష్ పనిలో గడిపిన మనిషి. అవన్నీ తన చేత్తో మెరుగు పెట్టి తెచ్చి పరిచినవే.

"మా ఇంట్లో గూడా ఇట్లాంటివి ఎయ్యలేదమ్మా," అన్నాడు మెల్లగా. "మట్టిలో పొర్లే జీవాలు గదా, ఒక్క చోటన్నా సుబ్బరంగా ఉండల్లని..."

నా కోపమంతా కరిగిపోయింది. ఎంత ప్రేమగా పొరబడ్డాడు!

అతనే ముందు కదిలాడు. గంపతో ఎర్రమట్టి ఎత్తుకొచ్చి, ఆ మెరిసే బండల మీద తనే కుమ్మరించాడు. రమణమ్మ పైన కొర్రగడ్డి పరిచింది. నేను అవతలి తలుపుకు గోనెపట్టా కట్టి వెలుగు తగ్గించాను.

ఇక ఎవరూ తోలలేదు. పక్కకు తప్పుకుని నిలబడ్డాం. బంగారి ముట్టెతో మట్టి వాసన చూసింది. ఒక కాలు పెట్టింది, ఇంకో కాలు పెట్టింది. మధ్యలో ఆగితే మా ఊపిరీ ఆగింది. వంగి నోటినిండా గడ్డి కరుచుకుంది. ఈనబోయే పంది గూడు కట్టుకోవడానికి చేసే పని అది. ఆ గడ్డితోనే నేరుగా గదిలోకి నడిచింది. రమణమ్మ నా చేయి ఎప్పుడు పట్టుకుందో నాకే తెలియదు.

మర్నాడు పొద్దున వెళ్తే పిల్లలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ పాలు తాగుతున్నాయి. మద్దిలేటి నడవలో బండలు పెకలించి, గరుకువైపు పైకి వచ్చేలా తిరగేసి పరుస్తున్నాడు.

"అంత మెరుగు పెట్టి బోర్లా వేస్తున్నావు, బాధగా లేదా అన్నా?" అని అడిగాను.

అప్పటి నుంచి ఏ ఫారానికి వెళ్లినా నేను ముందు మోకాళ్ల మీద వంగి చూస్తున్నాను. ఎందుకని ఎవరైనా అడిగితే, ఆ రోజు మద్దిలేటి తల ఎత్తకుండా ఇచ్చిన జవాబే చెబుతాను.

"నడిచేది ఆయమ్మ గదా మేడం. నాకు బాగుంటే ఏం లాభం?"