కూరగాయలపాడును ఖాళీ చేయించిన రోజు

ఇప్పుడు చెబితే మా ఆఫీసులో పిల్లలు నమ్మరు గానీ, ఆ రోజుల్లో కంప్యూటరు గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళేవాళ్ళం. దానికి పూలపూల గుడ్డతో కుట్టించిన ముసుగు, దానికోసమే బిగించిన ఫ్యాను ఉండేవి. (పక్కన కూర్చున్న పుణ్యానికి ఆ గాలి నాకూ కాస్త తగిలేది.) నేను వైరా పిల్లను. ఖమ్మంలో కంప్యూటరు కోర్సు పూర్తి చేసిన కొన్నాళ్ళకే భద్రాచలంలో ఉద్యోగం దొరికింది. అడవి ఊళ్ళ రైతులకు విత్తనాలు పంచే చిన్న ఆఫీసు అది. "అడవిల కంప్యూటరెందుకే? పులులకు హాజరు పిలుస్తరా?" అని మా అమ్మ నవ్వింది. నేను మాత్రం కిరాయి గదిలో అద్దం ముందు నిలబడి, గోదావరి అవతలి దాకా నా అంత తెలిసినవాళ్ళు లేరని గట్టిగా అనుకునేదాన్ని. ఊళ్ళవాళ్ళు 'కంప్యూటరమ్మ' అని పిలుస్తుంటే మెడ ఇంకాస్త నిటారుగా నిలిచేది.

నా కంటే ముందు ఆఫీసుకు ట్రైనింగు సారు అని ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చి వెళ్ళాడు. పని నేర్పడానికి నమూనాగా కొన్ని పేర్లు కావాలి కదా, ఆ సమయంలో ఆయన ముందు సంత సంచి ఉన్నట్టుంది. 'కూరగాయలపాడు' అని ఒక ఊరిని సృష్టించి, అందులో వంకాయ వెంకయ్య, బెండకాయ భద్రయ్య, గుమ్మడి గురవయ్య, చింత చిన్నక్క, కారం కాంతమ్మ అని కాపురాలు పెట్టించి, వాళ్ళను ఖాళీ చేయించకుండానే బస్సెక్కి వెళ్ళిపోయాడు. తొలకరికి ముందు విత్తనాల కోసం రైతుల పేర్లు అచ్చు తీసేదాకా ఆ సంగతి ఎవరూ గమనించలేదు. మర్నాడు ఖమ్మం నుంచి పెద్ద సారు వచ్చి, ఆ కాగితం మీద సంతకం పెట్టి విత్తనాలు విడుదల చేయాలి. మా మేనేజరు సారు కోస్తా మనిషి. కాగితం చూసి కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇదేంటమ్మాయ్, బెండకాయకి విత్తనాలిస్తున్నామా మనం? పెద్ద సారు చూస్తే నన్ను కూర వండుతాడు. సాయంత్రంలోగా ఈ కూరగాయలన్నీ తీసెయ్!"

ఎస్క్యూఎల్ అని కంప్యూటరుతో మాట్లాడే భాష ఒకటుంది. అందులో నాకు 'చూపించు' అనడం వచ్చు, 'చేర్చు' అనడం వచ్చు. 'తీసెయ్యి' అని ఒక్కసారీ అనలేదు. అయినా ధైర్యంగా, ఇంటిపేరు వంకాయ, బెండకాయ, గుమ్మడి, చింత, కారం అయిన వాళ్ళందరినీ తీసెయ్యమని ఒక వాక్యం కొట్టాను. ఒక్క తప్పు లేదు. మేనేజరు సారు వెనకే నిలబడి "ఊఁ, నొక్కు" అన్నారు. అంతలో గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. తల గుడ్డ చంకలో పెట్టుకుని ఒక నడివయసు మనిషి నిలబడి ఉన్నాడు.

"ఇత్తనాలు ఎప్పుడిస్తరో కనుక్కుందామని వచ్చిన సారూ. చర్ల అవతల అడివిల మా ఊరు. నా పేరు కారం ముత్తయ్య."

మేనేజరు సారు నా వైపు చూశారు. నేను నా వేలి వైపు చూసుకున్నాను.

"కారమా?"

"అవ్ సారూ, మేం కారమోళ్ళం. పక్కిల్లు గుమ్మడోళ్ళు. వాగు దాటితే చింతోళ్ళు, తాటోళ్ళు."

"మరి ఉప్పువాళ్ళు లేరా?" అన్నారు సారు, ఉండబట్టలేక.

"లేరు సారూ. ఉప్పు సంతల కొంటం," అన్నాడు ముత్తయ్య, నిమ్మళంగా.

నేను వేలు వెనక్కి లాక్కున్నాను. నొక్కి ఉంటే బెండకాయతో పాటు ఆ అడవిలో ఎన్ని కోయ ఊళ్ళకు ఆ ఏడు విత్తనం అందకుండా పోయేదో. వైరాలో పుట్టిన నాకు గానీ, కోస్తా నుంచి వచ్చిన సారుకు గానీ ఆ ఇంటిపేర్లు తెలియవు. ముత్తయ్యకు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, "జర కూసో పెద్దయ్యా" అన్నాను. ఎందుకు కూర్చోమంటున్నానో మాత్రం చెప్పలేదు.

ఇంటిపేరును బట్టి తీసేయడం కుదరదు, ఊరిని బట్టి తీసేయాలి. చిక్కంతా అక్కడే. కంప్యూటరు లోపలి పట్టికలను టేబుళ్ళంటాం. కుటుంబాలు ఒక టేబుల్లో, ఊళ్ళు ఇంకో టేబుల్లో ఉన్నాయి. కుటుంబం పక్కన ఊరి నంబరే తప్ప పేరుండదు. అందుకని రెండు టేబుళ్ళ పేర్లూ పక్కపక్కన రాసి, నడుమ కామా పెట్టి, 'ఈ రెండింట్లోంచి కూరగాయలపాడు తీసెయ్యి' అన్నాను. సింటాక్స్ ఎర్రర్ అంది, అంటే నీ వాక్యం తప్పు అని. కామా తీశాను. తప్పే. కామాను ఇంకోచోట పెట్టాను. అదీ తప్పే. వైరా బడిలో తెలుగు పంతులు కూడా నా వాక్యాలను ఇన్నిసార్లు కొట్టేయలేదు.

"ఏమైందమ్మాయ్?" అని సారు తన గదిలోంచి అరిచారు.

"రెండు టేబుళ్ళల్లోవి ఒక్కసారే తీసెయ్యాలంటే అయితలేదు సార్!" అని నేనూ అరిచాను.

వరండాలో ఊడుస్తున్న మా లచ్చమ్మక్క ఆ మాట విని, నా మీద ప్రేమ కొద్దీ సాయానికి దిగింది. కాసేపటికి సారు టేబులూ టైపు కొట్టే సారు టేబులూ అద్దంలా మెరుస్తున్నాయి. కాగితాలు, ఇంకు సీసా, సారు మధ్యాహ్నం టిఫిన్ డబ్బాతో సహా అన్నీ బీరువాలోకి చేరిపోయాయి. "గంతదానికి లొల్లెందుకు బిడ్డా, నన్నడిగితే జల్దీ తీసేద్దును కదా," అంది కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

ఇక లాభం లేదని బజారులోని ఎస్టీడీ బూతుకు పరుగెత్తాను. అదృష్టం, హైదరాబాదులో ట్రైనింగు సారు లైనులో దొరికాడు. నా బాధంతా విని, "గట్ల కాదమ్మా," అన్నాడు. "తీసేసుడు ఒక్క టేబుల్లకెళ్ళే. రెండోదాన్ని బ్రాకెట్ల కూసోబెట్టి అడగాలె. రాసుకో. కుటుంబాలలకెళ్ళి తీసెయ్యి, ఎవరి ఊరి నంబరయితే... బ్రాకెట్ తెరువు."

"తెరిచిన సార్!"

"ఊళ్ళ టేబుల్ల కూరగాయలపాడు నంబరు ఏందో, అది అయితదో వాళ్ళను. బ్రాకెట్ మూయి."

లైను గరగరమంటోంది. "ఏం మూయాలె సార్?" అని గొంతు చించుకున్నాను.

బూతు ఆయన లేచి వచ్చి తలుపు మూశాడు. వరుసలో ఉన్న ముసలమ్మ అద్దంలోంచి నన్ను అనుమానంగా చూసింది. "కుటుంబాలను తీసెయ్యాలె, ఊరిని కూడా తీసెయ్యాలె, అంతే కదా సార్?" అని నేను అంటున్నది ఆమెకు స్పష్టంగా వినిపించి ఉంటుంది. బయటికి రాగానే నా చెయ్యి పట్టుకుని, "కోపం మంచిది కాదు బిడ్డా. ఇంటికి పోయి సల్లటి మజ్జిగ తాగు," అంది.

గెలిచేశానన్న తొందరలో ఆఫీసుకు వచ్చీ రాగానే తేలికపాటి పని ముందు చేశాను. ఊళ్ళ టేబుల్లోంచి కూరగాయలపాడును లేపేశాను. తరువాత సారు చెప్పిన వాక్యం కొట్టాను. ఎర్రర్ రాలేదు. ఏమీ జరగనూ లేదు. వంకాయ వెంకయ్య ఎక్కడివాడు అక్కడే ఉన్నాడు. ఊరే లేకపోతే, ఆ ఊరివాళ్ళెవరంటే కంప్యూటరు మాత్రం ఏం చెబుతుంది? చివరికి వెంకయ్య పక్కనున్న నంబరు చూసుకుని, కూరగాయలపాడును మళ్ళీ నా చేతులతో కట్టి, జనాన్ని ఖాళీ చేయించి, అప్పుడు ఊరిని తీసేశాను. (ఆ నంబరేదో తెలిసినప్పుడు రెండో టేబుల్ జోలికి పోకుండా నేరుగా ఆ నంబరు వాళ్ళనే తీసేయొచ్చు కదా అని మీరు అడగబోతున్నారు. అడగండి. అది నాకు తట్టడానికి ఇంకో ఉద్యోగం మారాల్సి వచ్చింది.)

కొత్త కాగితం అచ్చయ్యాక ముత్తయ్యను లోపలికి పిలిచాను. చెప్పులు విప్పి వచ్చాడు. తెర మీద అతని పేరు చూపించాను. చదవడం రాదు గనుక ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో వేలితో చూపించమన్నాడు. కాసేపు అలాగే చూసి, "ఇందుల ఉంటే నా పేరు వానకు తడవది కదా?" అన్నాడు.

"తడవది పెద్దయ్యా."

"ఎవరన్న తీసేస్తే?"

"నేనున్న కదా," అన్నాను. అంత పెద్ద మాట అనేంత వయసు కాదు నాది. అయినా అతను నమ్మి తల గుడ్డ చుట్టుకుని బస్సుకు వెళ్ళిపోయాడు. మర్నాడు పెద్ద సారు కాగితాన్ని కనీసం చదవకుండానే సంతకం పెట్టారు. జల్లులు పడేలోపు విత్తనాల మూటలు చర్ల దాటాయి. ట్రాక్టరు వెనక ధూళిలో చెయ్యి ఊపుతూ నిలబడ్డ ఆ నిటారు మెడ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.

ఇప్పుడు ఖమ్మంలో మా ఇంట్లో ఫోను నిండిపోయినప్పుడల్లా మా అమ్మాయి విసుక్కుంటుంది. "అమ్మా, పాత నంబర్లు తీసెయ్యనీకి గంత సేపా? నొక్కరాదు!"

"ఆగవే," అంటాను కళ్ళద్దాలు సర్దుకుంటూ. "లోపల ఎవరన్న ఉన్నరేమో చూస్తున్న."