రెండిళ్ల భోజనం

ఈసాను దర్శి వైపు తీసుకెళ్లాలన్న ఆలోచన పూర్తిగా నాదే. గుంటూరులో ఫార్మసీ చదువుతున్న పాలస్తీనా కుర్రాడు. సొంతూరు బేత్లెహేముకు ఆనుకుని ఉన్న పల్లె, కుటుంబం తరతరాలుగా క్రైస్తవులు. నేను కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. సాయంత్రాలు విదేశీ విద్యార్థులకు విడిగా క్లాసు తీసుకుంటే వచ్చి మొదటి వరసలో కూర్చునేవాడు. మన ప్రభుత్వం పాలస్తీనాను దేశంగా గుర్తించిన మరుసటి ఏడాది, 1989 నాటి మాట ఇది. మిరప కోతల కాలం.

అప్పుడు ఆ పిల్లవాడి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా ఉంది. ఐరోపాలో ఎక్కడో ఒక ఊళ్లో ఇజ్రాయెల్ విద్యార్థుల్నీ పాలస్తీనా విద్యార్థుల్నీ ఒకచోట కూర్చోబెట్టి వారం రోజులు మాట్లాడిస్తారట. ఈసాకు పిలుపు వచ్చింది. వస్తాడో రాడో సోమవారానికల్లా చెప్పాలి. వాళ్లన్న అప్పటికి ఏడాదిగా ఇజ్రాయెల్ జైల్లో ఉన్నాడు. ఈసాతో ఒకే గదిలో ఉంటూ, ఒకే కంచంలో తినే ప్రాణస్నేహితుడు ఖాలిద్. "మీ అన్నను లోపల పెట్టినవాళ్లతో కూర్చుని కాఫీ తాగుతావా? వెళ్లావంటే ఈ గదికి మళ్లీ రాకు" అనేశాడు. అవతలి పిల్లలకూ సుఖం లేదు. వాళ్లలో ఒకతని తమ్ముడు లెబనాన్ యుద్ధంలో చచ్చిపోయాడనీ, ఈ సభకు వస్తానన్నందుకు ఇంట్లో తండ్రి మాట్లాడటం మానేశాడనీ ఈసాయే చెప్పాడు.

నా నోరు ఊరుకోదు కదా. పోరు నష్టం, పొందు లాభం అని మనకో సామెత ఉంది, వెళ్లు నాయనా అని నెల రోజులు ఆ అబ్బాయి చెవిలో జోరీగలా పోరాను. అవుననడు, కాదనడు. రెండు రోజులు గుంటూరు గాలి మారితే మనసు తేలిక పడుతుందని, శని ఆదివారాలు మా మామయ్యగారి ఊరికి ప్రయాణం కట్టించాను.

శనివారం ఉదయం ఆరున్నరకు గుంటూరు బస్టాండులో అద్దంకి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నేరుగా దర్శి పోయే బస్సులు ఉన్నాయిగానీ, వాటికోసం కాచుకుని కూర్చోవడం కంటే అద్దంకి దాకా వెళ్లి మారడమే మేలు. చిలకలూరిపేట దాటాక రోడ్డుకు రెండువైపులా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కిటికీలు మూసినా ఘాటు ఆగదు. బస్సంతా ఒకరి తరవాత ఒకరు తుమ్ములు. ఈసా జేబురుమాలు ముక్కుకు కట్టుకుని కూర్చున్నాడు.

పక్క సీట్లో పత్తి రైతొకాయన. తెల్లదోమ పడి రెండేళ్లుగా పత్తి దెబ్బతీసిందని, ఈసారి మిరపకు మళ్లానని తన గోడంతా చెప్పుకుని, తరవాత ఈసా వైపు గడ్డం ఎత్తి అడిగాడు.

"ఎవరండీ ఈ బాబు? హిందీ ఆయనా?"

"కాదండీ, పాలస్తీనా."

"ఆఁ, రోజూ రేడియోలో వింటన్నాంగా. ఇంతకీ ఆ గట్టు తగాదా ఇంకా తెగలేదా?"

నేను ఇంగ్లీషులో చెబితే ఈసా నవ్వి, "తెగలేదు" అని తెలుగులోనే జవాబిచ్చాడు. మా ఊళ్లోనూ ఒకటుంది, మా నాయన హయాంలో మొదలైంది అని రైతు ఓదార్పుగా చెప్పి, సంచిలోంచి రెండు జామకాయలు తీసి మా చేతుల్లో పెట్టాడు.

తొమ్మిదిన్నరకు అద్దంకి. బస్టాండు ఎదురు హోటల్లో ఇడ్లీ తిని, దర్శి బస్సు ఎక్కేసరికి పది దాటింది. ఇడ్లీ బాగుంది, చట్నీ మాత్రం ధైర్యస్థులకే. దర్శిలో దిగేసరికి దానియేలు మామయ్య ట్రాక్టరు మీద వచ్చి ఉన్నాడు. మామయ్యకు డెబ్భై దగ్గర పడుతున్నాయి. మిరప వేస్తాడు, ఊళ్లో చర్చికి సంఘపెద్ద. ఈసా రెండు చేతులూ పట్టుకుని "వందనాలు బాబూ" అన్నాడు. వెంటనే నావైపు తిరిగి, "అమ్మాయ్, ఇయ్యాళ ఇంటికాడ వంట లేదు. ఇద్దర్నీ నాతో తీసకపోతా" అన్నాడు.

ఎక్కడికో దారిలో చెప్పాడు. మర్నాడు బల్ల ఆదివారం. అంటే నెలకొకసారి సంఘమంతా ప్రభువు రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆదివారం. ఎవరితోనైనా తగాదా ఉన్నవాళ్లు అది తీసుకోకూడదు. అందుకని ముందురోజు శనివారం సంఘపెద్దలు తగాదాలున్న ఇళ్లకు వెళ్లి రాజీ చెయ్యాలి. దానికి ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. రాజీకి వెళ్లిన మనిషి ఇద్దరి ఇళ్లలోనూ అదే రోజు భోంచెయ్యాలి. ఒక ఇంట్లో తిని రెండో ఇంట్లో తినకపోతే అతని మాట చెల్లదు.

తగాదా అన్నదమ్ములది. అన్న సుందర్రావు, తమ్ముడు రత్నం. తండ్రి వదిలిన కళ్లం ఒకటుంది, మిరపకాయలు ఆరబోసుకునే చదును నేల. నాదంటే నాదని ఏడేళ్ల క్రితం మాటా మాటా పెరిగి, సుందర్రావు దాని మధ్యలో ముళ్లకంప నాటాడు. అప్పటినుంచి ఇద్దరిలో ఎవరూ అక్కడ ఒక్క కాయ ఆరబోయలేదు. దారిలో మామయ్య ట్రాక్టరు ఆపి చూపించాడు. మోకాలెత్తు గడ్డి మొలిచి ఉంది. ఈసా దిగి, ఆ కంప దగ్గరికి వెళ్లి కాసేపు నిలబడి వచ్చాడు.

పన్నెండున్నరకు సుందర్రావు ఇంట్లో భోజనం. బేత్లెహేము నుంచి మనిషి వచ్చాడంటే మాటలా! కోడికూర, గోంగూర, పప్పుచారు, గడ్డపెరుగు. సుందర్రావు భార్య వడ్డిస్తూనే ఉంది, ఈసా తింటూనే ఉన్నాడు. వాళ్ల దేశంలో పెట్టింది వదిలితే ఇంటివాళ్లకు అవమానమట. చేతులు కడిగాక మామయ్య తగాదా మాట కదిపితే, సుందర్రావు పాత పాటే మొదలుపెట్టాడు.

"వాడొచ్చి మాట్టాడితే కంప తీస్తా."

"వాడేమో కంప తీస్తే వచ్చి మాట్టాడతానంటాడు. ఒరే సుందరం, ఆ చివర నువ్వు పట్టు, ఈ చివర వాడు పడతాడు. ఇద్దరూ ఒక్కసారే లేపండి. ముందెవరు, వెనకెవరు అనే మాటే ఉండదు."

చివరికి సుందర్రావు "సరే, వాణ్ణి ఒప్పించు" అన్నాడు. నేను ఇంగ్లీషులో చెబుతుంటే ఈసా కళ్లు వెలిగాయి. "మేడం, మా వాళ్ల దగ్గర కూడా ముందెవరు అన్న దగ్గరే ఆగిపోతుంది" అన్నాడు.

రెండు గంటలకు రత్నం ఇంటికి వెళ్లాం. అతనూ మెత్తబడ్డాడు. "రెండు చివర్లా అంటే నాకేం అభ్యంతరం లేదు బాబాయ్" అన్నాడు. నాకైతే లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. అప్పుడు అన్నం వచ్చింది. రత్నం భార్య కాంతమ్మ కూడా కోడినే కోసింది. మామయ్య సంగతి తెలిసినవాడు, సుందర్రావు ఇంట్లో సగం కడుపే తిన్నాడు. నేను రెండో వడ్డన వద్దన్నాను కాబట్టి బతికిపోయాను. రెండో ఇంట్లోనూ తినాలని ఈసాకు ఎవరూ చెప్పలేదు. పాపం, నాలుగు ముద్దలు తిని ఐదో ముద్ద చేతిలో పట్టుకుని కూర్చుండిపోయాడు. కాంతమ్మ చూసింది.

"పెద్దింట్లో బాగా పెట్టినట్టున్నారు. మా కూడు ఆయనకెందుకు దిగుద్ది?"

అంతే. రత్నం మొహం మారిపోయింది. "సూశావా బాబాయ్, తీర్పు ముందే అక్కడ అయిపోయింది. ఇక్కడికి ఊరికే మొహమాటానికి వచ్చారు" అని కంచం ముందు నుంచి లేచిపోయాడు. మామయ్య ఎంత చెప్పినా వినలేదు. ఏడేళ్ల తగాదా కొలిక్కి వచ్చినట్టే వచ్చి, ఒక్క పిడికెడు అన్నం దగ్గర తెగిపోయింది.

ఈసా సిగ్గుతో చితికిపోయాడు. నావల్లే అని సాయంత్రమంతా అదే మాట. "నీవల్ల కాదులే బాబూ, పోయినసారి కుక్క మొరిగిందని లేచిపోయాడు" అన్నాడు మామయ్య. అయినా ఆ అబ్బాయికి ఊరట కలగలేదు. చీకటి పడేలోపు చుట్టుపక్కల వాళ్లు వరండాలో చేరారు. మరియమ్మ అని ఒక పెద్దావిడ ఈసా తల నిమిరి అడిగింది.

"నేను రోజూ ఇశ్రాయేలు కోసం ప్రార్థన చేస్తా బాబూ. మీరు వాళ్లేనా?"

"కాదమ్మా. పాలస్తీనా."

"అక్కడ వేరేవాళ్లు కూడా ఉన్నారా?"

"ఉన్నాం అమ్మా."

ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "అయితే మీ అమ్మ పేరేంది, చెప్పు. రేపట్నించి ఆమెకి కూడా చేస్తా" అంది. ఈసా చెప్పాడు. ఆవిడకు నోరు తిరిగేదాకా మూడుసార్లు చెప్పించుకుంది. నేను లేచి లోపలికి వెళ్లిపోయాను.

ఆదివారం పొద్దున లేచేసరికి ఈసా మంచం ఖాళీగా ఉంది. వీధి గుమ్మం దాకా వెళ్లి అటూ ఇటూ చూశాను. గంట తరవాత ఎర్రబడ్డ కళ్లతో, కారే ముక్కుతో వచ్చాడు. ఒక్కడే రత్నం ఇంటికి వెళ్లి, తనకొచ్చిన నాలుగు తెలుగు మాటలతో అన్నం పెట్టమని అడిగాడట. ఆ వేళప్పుడు ఏముంటుంది? చద్దన్నంలో మజ్జిగ పోసి, ఉల్లిపాయా పచ్చిమిరపకాయలూ పెట్టిందట కాంతమ్మ. మిరపకాయలు కూడా ఒక్కటి వదలకుండా తిన్నాడు. ఇతని అవస్థ చూసి ఆవిడ నవ్వాపుకోలేక, "కడుపు పట్టకపోతే నిన్ననే చెప్పొద్దా నాయనా" అందట. రత్నం తినేదాకా పక్కనే కూర్చున్నాడట.

ఎనిమిదింటికి గుడి, అంటే చర్చిలో ఆరాధన, మొదలైంది. బల్ల మొదలయ్యే ముందు అన్నదమ్ములిద్దరూ లేచి వెళ్లిపోవడం మామూలట. సుందర్రావు మామూలుగానే లేచి వెళ్లిపోయాడు. రత్నం ఆ రోజు వెళ్లలేదు. రొట్టె తీసుకోలేదుగానీ చివరిదాకా వెనక వరసలో కూర్చున్నాడు. ఏడేళ్లలో ఇదే మొదలని అత్తయ్య నా చెవిలో చెప్పింది.

రొట్టె పళ్లెం మామయ్యే పట్టుకుని వరసవరసకూ తిరుగుతున్నాడు. అందరికీ ఇచ్చాడు, తను తీసుకోలేదు. ఎందుకని అత్తయ్యను అడిగాను.

"ఏడేళ్లుగా తీసుకోడమ్మా. రాజీ చెయ్యలేని పెద్దకి బల్లెందుకంటాడు. నేను పోట్లాడీ పోట్లాడీ మానేశా."

ఏ చదువులో, ఏ పత్రికలో ఇలాంటి మధ్యవర్తిని చూడలేదు. మెల్లగా ఈసాకు చెప్పాను. అంతలో పళ్లెం మా దగ్గరికి వచ్చింది. ఈసా తల అడ్డంగా ఊపాడు.

"నీకేం బాబూ, తీసుకో" అన్నాడు మామయ్య.

"నేను కూడా రెండు ఇళ్లల్లో తిన్నాను" అన్నాడు ఈసా తెలుగులో.

మామయ్య పళ్లెం తీసుకుని తరవాతి వరసకు వెళ్లాడు. మరియమ్మ మాత్రం, బేత్లెహేము పిల్లాడు రొట్టె వద్దనడమేంటని గుడి అయ్యేదాకా గొణుగుతూనే ఉంది.

పదకొండింటికి మామయ్య ట్రాక్టరు మీద దర్శిలో దింపాడు. వచ్చే నెల మళ్లీ రెండిళ్లకూ వెళ్తాను, నువ్వు లేకపోతే నీ వాటా కూడా నేనే తినాలి అని ఈసాతో వేళాకోళమాడాడు. ఒంగోలు బస్సు కిక్కిరిసి ఉంది. ఒంటిగంటన్నరకు దిగి, స్టేషన్ దగ్గర పెరుగన్నం తిని, రెండున్నర ప్యాసింజరు ఎక్కాం. తొందర లేనివారికి ఇదే మంచి దారి. వేటపాలెంలో జీడిపప్పు పొట్లాలవాళ్లు పెట్టెలోకే ఎక్కుతారు. బేరమాడకుండా కొనకండి.

బాపట్ల దాటేదాకా ఈసా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. తరవాత నెమ్మదిగా మొదలుపెట్టాడు. "మేడం, మా దగ్గరికి రాజీ చెయ్యడానికి చాలామంది వస్తారు. పెద్ద పెద్ద దేశాలవాళ్లు. విమానం దిగుతారు, రెండు వైపులా విందులు తింటారు, ఫొటో తీయించుకుంటారు, వెళ్లిపోతారు. కుదరకపోతే వాళ్లకేం పోదు. మీ మామయ్యకు పోతుంది."

"ఊఁ."

"నేను వెళ్తాను. వాళ్లతో కూర్చుంటాను. ఖాలిద్‌కు ఈ రాత్రే నేనే చెబుతాను, ఇంకెవరి ద్వారానో తెలియకూడదు."

నెల రోజులు పోరు పెట్టింది నేను. ఆ మాట కోసం ఇంత దూరం తిప్పింది నేను. తీరా వినేసరికి నాకు సంతోషం వెయ్యలేదు, భయం వేసింది. వద్దులే నాయనా, పరీక్షలు దగ్గర పడ్డాయి అందామని నాలుక చివరిదాకా వచ్చింది. వెళ్లేది నేను కాదు, నా కొడుకూ కాదు. సామెతలు చెప్పడం ఎంత సులువో నాకు ఆ రైల్లో తెలిసింది. జీడిపప్పు పొట్లం విప్పి అతని చేతిలో పెట్టాను.

తెనాలిలో బండి మారి గుంటూరు చేరేసరికి ఏడు కావస్తోంది. ఖాలిద్ ప్లాట్‌ఫారం మీదకే వచ్చి ఉన్నాడు. రెండు రోజులకే ఇంత బెంగేమిటో! ఈసాను కావలించుకుని, సంచి లాక్కుని, వాళ్ల భాషలో గడగడా ఏవో కబుర్లు మొదలుపెట్టాడు. వాసన చూసి ఈసా చొక్కా నిండా మిరపకాయేనని వెక్కిరించాడు. భుజం మీద చెయ్యి వేసి గేటు వైపు నడిపించుకు వెళ్తున్నాడు. ఈసా ఒక్కసారి వెనక్కి తిరిగి నావైపు చూశాడు. తెల్లారేసరికి ఆ చెయ్యి ఆ భుజం మీద ఉంటుందో ఉండదో అనుకుంటూ, వాళ్లు జనంలో కలిసేదాకా అక్కడే నిలబడ్డాను.