బీచ్ ఇసుక సంచి

ఊరి పేరు మద్రాసు నుంచి చెన్నైకి మారిన ఏడాది నేను రైఫిల్ కాల్చడం నేర్చుకున్నాను. నిలబడి కాదు, బోర్లా పడుకునీ కాదు. బల్ల ముందు కూర్చుని, రైఫిల్‌ను ఇసుక సంచుల మీద ఆనించి, అయిదు గుండ్లను ఒకే బెజ్జంలోంచి పంపించే ఆట అది. "కూర్చోని పేల్చేదానికి నేర్చుకునేది ఏముండాది?" అని మా టి. నగర్ ఇంట్లో నవ్వారు. మొదట్లో నాకూ అలాగే అనిపించింది.

నేర్పినాయన చింతాద్రిపేటలో గుడ్డల వ్యాపారం చేసే పెద్దమనిషి. అరవై దాటాయి. మామా అని పిలిచేదాన్ని. ఆయన గుండు పెట్టే ముందు సంచుల మీద పసిపిల్లల పౌడరు చల్లి, రైఫిల్‌ను ముందుకీ వెనక్కీ జరిపి చూసుకునేవారు. కాల్చిన ప్రతిసారీ అది మళ్లీ అదే చోట కుదురుకోవాలట. నెల రోజులు నాచేత ఆ జరపడమే చేయించారు, ఒక్క గుండు ఇవ్వలేదు. నాకు ఒళ్లు మండేది. కానీ ఆయన కాల్చిన అట్టను చేతిలోకి తీసుకుంటే అయిదు గుండ్లకీ ఒక్కటే చిల్లు. నా కోపం అక్కడితో సరి. అంత ఓపిక గల మనిషిని నేను మళ్లీ చూడలేదు.

రాష్ట్ర పోటీకి మా క్లబ్బు నుంచి ఒక్కరికే చోటు. ఏళ్ల తరబడి అది ఆయనదే. ఈసారి నాకు కావాలనిపించింది, ఆ మాట ఆయనతోనే చెప్పేశాను. "రామ్మా, చూద్దాం" అన్నారు, ఏమాత్రం నొచ్చుకోకుండా.

ఎంపిక రోజుకి నా సొంత సంచి ఉండాలని పంతం పట్టాను. ఖాకీ గుడ్డతో కుట్టి, మెరీనా నుంచి ఇసుక తెచ్చి నింపాను. ఆ ఉదయం గాలి నిండా తేమ. లెక్కలోకి రాని మొదటి మూడు గుండ్లూ మూడు దిక్కులకి పోయాయి. పక్క బల్ల దగ్గర తన రైఫిల్ సర్దుకుంటున్న ఆయన లేచి వచ్చి, నా సంచిని బొటనవేలితో నొక్కారు.

"ఈ మన్ను యాడిదిమా?"

"బీచ్‌ది మామా."

"దాంట్లో ఉప్పుండాదిమా. తడంతా తాగి గడ్డ కట్టింది. ఏటి మన్ను కడిగి, ఎండబెట్టి, పిండి జల్లెట్లో జల్లించి పొయ్యాల. ఈడ పుట్టినదానివి, ఇదిగూడా తెలీదా?"

తన సంచి తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టారు. వద్దన్నాను. "సుమ్మా, ఊరికే కూర్చో, సముద్రం గాలి మొదలైతే ఇద్దరికీ కష్టం" అని కసిరి, తను తువ్వాలు మడిచి రైఫిల్ కింద పెట్టుకున్నారు.

నా అయిదూ దాదాపు ఒకే చిల్లు. ఆయనవి నాలుగు ఒకచోట, ఒకటి ఆవగింజంత పక్కకి. రెండు అట్టల్నీ ఆయనే కొలిచారు, నాది రెండుసార్లు. "చోటు నీదే" అన్నారు. నాకు సిగ్గేసింది. సంతోషం మాత్రం దాచుకోలేకపోయాను.

తరువాతి ఆదివారం సంచి తిరిగిద్దామని వెళితే, ఆయన అప్పటికే బల్ల ముందు కూర్చుని ఉన్నారు. రైఫిల్ కింద ఉన్నది నేను కుట్టి, ఆ రోజు అక్కడే వదిలేసిన ఖాకీ సంచే. ఇసుక మార్చి నింపుకున్నారు.

"నీ చేతిలోది నువ్వే పెట్టుకో. వచ్చే ఏడు ఆ చోటు మళ్లా నాకు కావాల. ఇప్పుడే చెప్తుండా" అని పౌడరు డబ్బా అందుకున్నారు.