పసుపు కింద రేడియం

కొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి, ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు. ఇవాళ పొద్దు వాలే వేళ సూర్యాపేటలో మా దుకాణం ముందు ఒక ట్రాక్టరు ఆగింది. పండుగ పూజ చేసినట్టున్నారు, ట్రాలీ వెనక తలుపు నిండా పసుపు, దాని మీద కుంకుమ బొట్లు. చూసేవాళ్లకు అది పెళ్లింటి గడపలా ఉంటుంది. నేను మాత్రం చేతిలో సూది కింద పెట్టేశాను. ఎవరిదో ఏమిటో అడక్కుండా లేచి వెళ్లి, తడిగుడ్డతో ఆ పసుపు తుడవడం మొదలుపెట్టాను. డ్రైవరు దిగి వచ్చాడు. "ఏందమ్మా, దేవునికి పెట్టింది తుడుస్తున్నవ్?" అన్నాడు. అతనికి చెప్పిందే మీకూ చెబుతాను.

మాది రేడియం దుకాణం. బండ్ల మీద పేర్లు, పూలు, దేవుళ్ల బొమ్మలు కోసి అంటిస్తాం. కంప్యూటరూ కోసే మిషనూ మా ఇంటాయనవి. కోశాక అక్షరాల చుట్టూ మిగిలే తుక్కును సూదితో లేపి పీకడం నా పని. నేను బడికి పోయింది తక్కువ, అక్షరాలు నాకు సరిగ్గా పట్టుబడింది ఆ తుక్కు దగ్గరే. స్టిక్కరు చుట్టల్ని మేము రోళ్లంటాం, ఏ రోలు ఏ రకమో కూడా చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోతుంది. చవక రకం నిగనిగలాడుతుంది, వెన్నలా తెగుతుంది, కానీ మన ఎండలకు నాలుగు దిక్కులా ముడుచుకుపోయి అక్షరాల చుట్టూ జిగురు బయటపడుతుంది. దానికి దుమ్మంటి, ఏడ్చినావిడ కాటుకలా తయారవుతుంది. పల్చటి మంచి రకం వంపుల మీదా రివెట్ల మీదా ఒంటి చర్మంలా అతుక్కుపోతుంది. ఇక మూడోది, లైటు పడితే ఆ వెలుగునే తిప్పి కొట్టేది. జనం అన్నిటినీ రేడియం అనే అంటారు కానీ అసలు రేడియం ఇదొక్కటే. ఇది మహా బిరుసు. సన్నటి తీగలూ పూరేకులూ కోయబోతే చినిగి కూర్చుంటుంది. పట్టపగలు చూస్తే మామూలు ఎర్ర రోలుకూ దీనికీ తేడా చెప్పడం కష్టం. అందుకే మా ఇంటాయన కోదాడలో రోలు కొనేటప్పుడు దాన్ని చీకటి గదిలోకి తీసుకుపోయి, సెల్లు లైటు కంటి పక్కన పెట్టుకుని, దూరంగా నిలబడి చూస్తాడు. ఆ దుకాణదారు నాతో, "ఏవండీ అక్కయ్యగారూ, పెళ్లిచూపుల్లో మిమ్మల్నైనా ఇంతసేపు చూశారా?" అనేవాడు. "గప్పుడు గింత బుద్ధి లేకపాయె" అని లోపలి నుంచే ఈయన జవాబు.

నా చెల్లెల్ని ఆత్మకూర్ దగ్గర పల్లెలో ఇచ్చాం. మరిది కొత్త ట్రాలీ కొని తిన్నగా మా దుకాణానికే తోలుకొచ్చాడు. "అన్నా, ఎనక తలుపు మీద పూలతీగె, నడుమ నీ మర్దలి పేరు. మస్తుగుండాలె" అన్నాడు.

"పూలు మామూలు దాంతోని కోస్త తమ్మీ. కింద అడ్డంగ రేడియం పట్టీ ఏస్త. ట్రాలీకి లైట్లు లెవ్వు."

"పట్టీ ఏస్తె చెత్తబండి లెక్క ఉంటదన్నా."

"ఉండనీ. ఎనక వచ్చేటోనికి నీ పూలు గాదు, నువ్వు కనవడాలె."

చెల్లెలు మూతి తిప్పింది. "నా పేరున్నంక పట్టీ ఎందుకు బావా, నన్ను సూసి ఆగరా ఎవలైనా?" నవ్వుకున్నాం. పూలు అంటించాం, పేరు అంటించాం, పట్టీ కూడా అంటించాం.

ఆ దసరాకు ట్రాలీకి మొదటి పూజ. చెల్లెలి అత్తగారు భక్తిలో ఎవరికీ తీసిపోదు. మామూలు పసుపైతే రాలిపోతుందని నూనె కలిపి ముద్ద చేసి, తలుపంతా పులిమింది. ఎర్ర పట్టీ మీదైతే రెండు పూతలు ఎక్కువే వేసింది. "ఎర్రగ నిగనిగ మెరుస్తున్నది, కండ్లు పడేది గీడనే, దిష్టి తగుల్తది" అన్నదట.

పండుగయ్యాక మరిది వడ్లు వేసుకుని మిర్యాలగూడ మిల్లుకు వచ్చాడు. చెల్లెలు గిన్నెలు కొనుక్కుందామని వెంట వచ్చింది. అదే రోజు మేమూ అక్కడే ఒక మిల్లు లారీకి అక్షరాలు అంటిస్తున్నాం. సాయంత్రం వాళ్లు లారీ అవతలి నుంచి, "అక్కా, మేం ముంగట పోతున్నం, మీరు నిమ్మలంగ రాండ్రి" అని కేకేసి బయల్దేరారు. లారీ అడ్డమై వాళ్ల ట్రాలీ వెనకవైపు మేము చూడనే లేదు. సామాను సర్దుకుని మేము బండెక్కేసరికి పొద్దు గూకింది. కాలువ పక్క దారి. చెట్లూ నీళ్లూ తారూ అన్నీ ఒకే రంగు. ఈయన కళ్లు మాత్రం తన పట్టీ కోసమే వెతుకుతున్నాయి. "కనవడతలేదంటే గా మల్పు దాటి పోయిన్రు" అని వేగం పెంచాడు. నాకు ట్రాక్టరు దడదడ వినిపిస్తోంది. వడ్ల దుమ్ము వాసన ముక్కుకు తగులుతోంది. ముందు మాత్రం ఏమీ లేదు. వినబడేది కనబడకపోతే ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. "జర మెల్లగ పోరాదు" అన్నాను. అంతలో ఎదురుగా లారీ వచ్చి కళ్లలో లైట్లు కొట్టింది. అది దాటిపోయాక లోకమంతా నలుపు. ఆ నలుపులో, మా బండి లైటుకు, ముందు చక్రానికి దగ్గరలో, అరచేయంత ఎరుపు భగ్గుమంది. అది కూడా స్థిరంగా లేదు, ఆరుతూ వెలుగుతూ ఉంది.

ఈయన బ్రేకు మీద నిలబడ్డాడు. నా నుదురు ఆయన వీపుకు కొట్టుకుంది. తల ఎత్తి చూస్తే రెండు కాళ్లు, పట్టగొలుసులు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. ట్రాలీలో దుమ్ముకు దురదగా ఉందని చెల్లెలు వెనక తలుపు మీదెక్కి, కాళ్లు బయటికి వేలాడేసుకుని కూర్చుంది. "ఏందక్కా, మీదికే ఎక్కిస్తరా ఏంది?" అని నవ్వబోయింది. బావ మొహం చూసి నవ్వు ఆపి, మొగుణ్ని ఆగమని అరిచింది.

ట్రాక్టరు ఆగింది. ఈయన సెల్లు తీసి, కోదాడ గదిలో చేసినట్టే, లైటు కంటి పక్కన పెట్టి చూశాడు. తలుపంతా మట్టిగోడలా చచ్చుపడి ఉంది. పూలు లేవు, పేరు లేదు, పట్టీ లేదు. దారంతా చెల్లెలి మడమలు ఊగి ఊగి పసుపు రాసుకుపోయిన చోట మాత్రం నిప్పులా మండుతోంది. ఆ వెలుగు ఆరుతూ వెలుగుతూ వచ్చింది కూడా ఆ కాళ్లు అడ్డం ఊగడం వల్లే. బ్రేకు పడకపోతే మేము గుద్దుకునేది ఆ కాళ్లనే. చెల్లెలు కిందికి వంగి చూసుకుని, మెల్లగా కాళ్లు లోపలికి లాక్కుంది. మరిది పూలతీగ వైపు, పట్టీ వైపు చూస్తూ నిలబడిపోయాడు. ఈయన తాగే నీళ్లు పోసి, తువ్వాలతో పట్టీ ఈ కొస నుంచి ఆ కొస దాకా కడిగాడు. మేము ఊరు చేరేదాకా ఆ ఎర్రగీత వెనకే, నడిచినంత నెమ్మదిగా వచ్చాం.

సంగతి విన్న అత్తగారు ఆ పూట అన్నం ముట్టలేదు. మరుసటి దసరాకు పసుపంతా ట్రాక్టరు మూతికి పెట్టి, వెనక పట్టీని మాత్రం తడిగుడ్డతో తుడిచి దండం పెట్టింది. "గీ పట్టీకి గింతే పూజ" అన్నది. ఇవాళ్టి డ్రైవరు కూడా ఇదంతా విని, నా చేతిలో గుడ్డ తీసుకుని మిగతాది తానే తుడుచుకున్నాడు.

మరిది ముచ్చటపడిన పూలతీగ ఎండకు ఎప్పుడో ముడుచుకుపోయింది, చెల్లెలి పేరులో సగం రాలిపోయింది. వద్దన్న ఆ పట్టీ ఇంకా ఉంది. అందమనుకున్నదాన్ని కాలం ఎండలో పెట్టి పీకేస్తుంది, కాళ్ల కింద ఉండి మనల్ని కాపాడినదాన్ని మాత్రం ఏళ్లు గడిచాక కూడా మనచేత తుడిపిస్తుంది. వెళ్లి రండి. మీ ఇంటి బండ్లన్నీ దీపం పెట్టే వేళకు వాకిలి చేరాలి. మీ వాళ్లు ఏ దారిలో ఉన్నా, వెనక వచ్చేవాళ్లకు దూరం నుంచే కనబడాలి.