నవ్వు ముఖం నొక్కిన ఇస్త్రీ అమ్మ

పురానాపూల్ దగ్గరి బస్తీ దవాఖానాలో నేను నర్సును. మా దవాఖానాను ఆధునికంగా మార్చాలని ఎవరో పైవాళ్లు తలచారు. నలుగురు డిజైనర్లు వచ్చారు. మూడు రోజులు గోడల మీద పసుపు చీటీలు అంటించారు, పీకారు, మళ్లీ అంటించారు. మమ్మల్ని అర్థం చేసుకోవడానికి వచ్చామన్నారు. ఈసీజీ మెషీన్‌కు కాగితం అయిపోయి చాలా రోజులైందని చెప్పాను.

"అది మా స్కోప్‌లో లేదు మేడం," అని వాళ్లలో పెద్దాయన నా కుర్చీ ఫొటో తీసుకున్నాడు.

తరువాతి నెలకల్లా మా పొడవాటి చెక్క బల్ల మాయమైంది. రంగు కుర్చీలొచ్చాయి. అందరి మధ్యా కూర్చునే నన్ను ఒక గాజు గదిలో పెట్టి చేతికి ట్యాబ్ ఇచ్చారు. గుమ్మంలో ఒక తెర నిలబెట్టారు. వచ్చినవాళ్లు తమ నొప్పి ఎంతో దాని మీది ఐదు ముఖాల్లో ఒకటి నొక్కి చెప్పాలి. ఏడుపు ముఖానికి ఎర్ర టోకెన్, ముందు పిలుపు. నవ్వు ముఖానికి పచ్చ టోకెన్, అందరికంటే చివర. ప్రారంభోత్సవం రోజున ఒక ఆఫీసరు నవ్వు ముఖం నొక్కితే అందరూ చప్పట్లు కొట్టారు. ఇంతకన్నా గొప్ప వైద్యం ఇక లేదన్నట్టు.

రెండు వారాలు గడిచాయి. ఒక సోమవారం పొద్దున నేను ట్యాబ్‌లో తలదూర్చి పేర్లు ఎక్కిస్తున్నాను. బుర్ఖాలో ఉన్న ఒకామె గాజు తలుపు దబదబా బాదింది.

"సిస్టర్, ఇన్కో దేఖో! పసీనా పసీనా హోగయే!"

ఆమె చూపిన వైపు చూశాను. మా గల్లీ మూలన బట్టలు ఇస్త్రీ చేసే అమ్మ. ఒళ్లంతా చెమట. చేతిలో పచ్చ టోకెన్. ముప్పావు గంటగా అక్కడే కూర్చుని ఉందట. నాకూ ఆమెకూ మధ్య ఉన్నది పది అడుగులు, ఒక గాజు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు సిస్టరమ్మా. ఎడమ చెయ్యి గుంజుతున్నది. ఇస్త్రీ పెట్టె మోసి మోసి గట్లయితుందనుకున్న. ఇప్పుడు గుండె మీద బండ పెట్టినట్టున్నది."

"మరి నవ్వే బొమ్మ ఎందుకు నొక్కినవ్?"

"పొద్దుపొద్దుగాల ఏడుపు మొఖం ఎవలన్న నొక్కుతరా? అపశకునం గాదా? నవ్వుకుంట ఇంటికి పోవాల్నని నొక్కిన."

డాక్టరమ్మను పిలిచాను. ఈసీజీ తీద్దామంటే కాగితం లేదు. డాక్టరమ్మ ఆమెతో ఒక మాత్ర నమిలించి, నూట ఎనిమిదికి ఫోన్ చేసింది. నేనే వెంట అఫ్జల్‌గంజ్ పెద్దాసుపత్రికి వెళ్లాను. దారంతా ఆమె నా చెయ్యి వదల్లేదు. గుండెపోటేనన్నారు. సమయానికి తెచ్చారని నన్ను మెచ్చుకున్నారు. నాకు సిగ్గేసింది. తెరను తిట్టుకుంటూనే, నేనూ దాని మాట నమ్మి తల ఎత్తలేదు కదా.

ఆమె బతికింది. డిజైనర్లు సమీక్షకు వచ్చారు. జరిగిందంతా చెప్పాను.

"యూజర్ తప్పు ఇన్‌పుట్ ఇచ్చారు. అవగాహన పోస్టర్ పెడదాం," అన్నాడు పెద్దాయన.

"ఆమె తప్పేంది సార్? మీరు బొమ్మల్ని అడిగిన్రు, మనిషిని అడగలే," అన్నాను. అతను ఆ మాట కూడా ఒక పసుపు చీటీ మీద రాసుకున్నాడు. మంచి ఇన్‌సైట్ అన్నాడు. అంతకంటే అసహ్యంగా నన్నెవరూ పొగడలేదు.

వారంలో పోస్టర్ వచ్చింది, దళసరి నున్నటి కాగితం మీద. ఈసీజీ కాగితం రాలేదు.

ఆ రోజే నా టేబుల్‌ను గాజు గదిలోంచి హాల్లోకి ఈడ్చుకొచ్చాను. పైనుంచి మెమో వచ్చింది, కారణం తెలపమని. ఇక్కడి నుంచి జనం ముఖాలు కనబడతాయని ఒక్క వాక్యం రాసి పంపాను. జవాబు రాలేదు. టేబుల్ ఇప్పటికీ హాల్లోనే ఉంది.