ఎవరైనా ఏడ్చినారా?

మా ఆయన పాడుతుంటే నేనెప్పుడూ స్టేజీ వైపు చూడను. ఆడవాళ్ల మధ్య కూర్చుని వాళ్ల మొహాలు చూస్తాను. పెళ్లయిన కొత్తలో ఆయనే ఈ పని నాకు అప్పగించాడు. ఏ చరణం దగ్గర ఎవరు కదిలారు, ఎవరు పక్కవాళ్లతో మాటల్లో పడ్డారు, అన్నీ తర్వాత అడుగుతాడు. పగలంతా ఆదోని పత్తి మిల్లులో బేళ్లు మోసే మనిషికి ఆ ఓపిక ఎక్కడ నుంచి వస్తుందో నాకు తెలియదు. కాస్త పెంచి చెప్పానా, వెంటనే పట్టేస్తాడు.

అప్పట్లో ఆయనకు కంజిర ఒక్కటే. ఆయన కట్టిన పాటల్లో సుగ్గి పాట జనానికి బాగా ఎక్కింది. వానలు మొహం చాటేస్తే మా వైపు ఇళ్లకు తాళాలు వేసి గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్నే సుగ్గి అంటాం. మా అమ్మా పోయేది. వాకిట్లో ముళ్లకంప అడ్డం పెట్టి, నన్ను అవ్వ చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పోయేది. నేను చెబితే విని ఆయన దాన్నే ఒక చరణం చేశాడు. ఆ చరణం కాగానే కంజిర ఆపి కాసేపు ఊరుకునేవాడు. ఆ కాసేపట్లో ఆడవాళ్లు ముక్కులు చీదుకోవడం వినబడేది. నేనూ వాళ్లలో ఒకదాన్ని. ఎన్నిసార్లు విన్నా నాకు ఏడుపు ఆగేది కాదు.

పోయిన ఏడు కర్నూలు నుంచి ఒకాయన వచ్చి ఈ పాటను పెద్ద ఎత్తున చేద్దామన్నాడు. కీబోర్డు, వయొలిన్లు, డ్రమ్ములు, వెనక కోరస్. అది రికార్డయి ఫోన్లలోకి రాగానే ఇళ్లు కట్టే బేల్దారి పనులకు బెంగుళూరు పోయిన మా ఊరి కుర్రాళ్లు ఎగిరి గంతేశారు. "అన్నా, సినిమా పాట మాదిరి ఉంది" అని రాశారు. ఒకతను మాత్రం, "ఇంత మోతలో నీ గొంతు యాడుందప్పా, ఎతుక్కుంటాండా" అని రాశాడు. మెచ్చుకున్నవన్నీ వదిలేసి మా ఆయన అదే పదే పదే చదువుకున్నాడు. నాకు ఫోను లాక్కుని దాచేయాలనిపించింది.

ఆ మేళమంతా తెచ్చి స్టేజీ మీద పాడటం ఎమ్మిగనూరు జాతరలోనే మొదలు. బయలుదేరే ముందు, "ఇది బాగైతే మిల్లు మానేస్తా" అన్నాడు.

"ఇంటి బాడుగ ఎవురు కడతారు, వయొలినాయనా?" అన్నాను. ఆయన నవ్వాడు. బాగుందని చెబితే జీతం పోతుంది. బాగాలేదని చెబితే ఈ మనిషి ఏమైపోతాడో. దారి పొడుగునా ఇదే ఆలోచన.

సాయంత్రం చీకటి పడకముందే జనం కిక్కిరిశారు. జాతర చూసుకుని ఆ వారమే సుగ్గికి బండెక్కేవాళ్లు వాళ్లలో చాలామంది. డ్రమ్ము మొదలవగానే ముందున్న కుర్రకారు లేచి చిందులు. ఫోన్లన్నీ పైకి లేచాయి. ఇది మంచిదే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కంప చరణం వచ్చింది. ఆయన ఆగేచోట వయొలిన్లు అందుకున్నాయి, వాటి మీద కోరస్ లేచింది. ఆడవాళ్లు నోళ్లు తెరుచుకుని స్టేజీ వైపే చూస్తున్నారు. ఎవరి కళ్లూ తడి కాలేదు. ఒకామె కొంగు మొహానికి పెట్టుకుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే దుమ్ము తుడుచుకుంటోంది.

నా పక్కనున్నామె నా భుజం తట్టింది. "మా సుగ్గికి ఇంత పెద్ద మేళమా అక్కా! మా బాధ గుడక పెద్దోళ్ల బాధ మాదిరి ఉంది" అంది. ఆమె మొహం వెలిగిపోతోంది.

"నువ్వూ పోతాండావా?"

"వచ్చే బేస్తారం పోతాండాం. పిల్ల అవ్వకాడ ఉంటాది" అని, డ్రమ్ముకు తల ఊపుతూ మళ్లీ పాటలో పడిపోయింది. సంతోషపడాలో, భయపడాలో నాకు తెలియలేదు.

ఆ రాత్రి ఎమ్మిగనూరులోనే మా చెల్లెలింట్లో ఉన్నాం. ఆయన చుట్టూ జనం, అభినందనలు. నన్నేమీ అడగలేదు. పొద్దున ఆదోని బస్సులో కూర్చున్నాక అడిగాడు.

"ఏమ్మే, సెప్పు. కంప కాడ ఎవురన్నా ఏడ్సినారా?"

చిందుల గురించి చెప్పాను, పక్కామె మాట చెప్పాను.

"అది కాదు నేనడిగింది."

"ఎవురూ ఏడ్సల్యా."

"నువ్వు?"

ఆ ప్రశ్న ఆయన ఇంతకు ముందెప్పుడూ అడగలేదు. అడగాల్సిన పని ఉండేది కాదు. "నాకూ రాల్యా" అన్నాను.

"పాడేటప్పుడు నాకూ ఏం కాల్యా మే. ఆడ ఆగుదామనుకున్న్యా. మేళం ఆగల్యా" అన్నాడు.

నాకు ధైర్యం వచ్చింది. "అయితే మిల్లు మానొద్దులే."

"మొన్ననే సెప్పేసి వచ్చినా. నా జాగాలో ఇంకొకడు సేరినాడు."

ఒళ్లు మండిపోయింది. "మరి నన్ను అడిగేదెందుకు?" బస్సులో ఉన్నామన్న సంగతే మరిచి అరిచాను.

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వన్నా ఏడ్సినానంటావేమో అని" అన్నాడు.

ఇన్నేళ్లలో మొదటిసారి ఆ మనిషి నా దగ్గర అబద్ధం కోరుకున్నాడు. ముందే తెలిసుంటే, దేవుడి సాక్షిగా, వెక్కి వెక్కి ఏడ్చానని చెప్పేదాన్ని.